ఇనప వంతెన మీద డిమ్ లైటు

లైట్లక్క షాపులో పొద్దున్నే మొదటి పని గోడ మీద సుద్ద గీతలు గీయడం. బండిని గోడకు పాతిక అడుగుల దూరంలో నిలబెట్టి, హెడ్‌లైట్లు వేసి, వెలుగు గీత దాటకుండా మరలు తిప్పి సరిచేస్తుంది. గీత దాటిందంటే ఎదురొచ్చే డ్రైవరు కళ్ళలో కారం కొట్టినట్టే. లారీవాళ్ళంతా ఆమె చేతికే బండి ఇస్తారు. ఆమె తిట్లకు కూడా ఎప్పుడో అలవాటు పడిపోయారు.

షాపులో అల్మారా నిండా పాత లైట్లే. కార్బైడ్ మీద నీటిచుక్కలు పడితే పుట్టే గ్యాసుతో వెలిగే ఇత్తడి దీపాలు, బండి నెమ్మదిస్తే తామూ నీరసించే డైనమో బల్బులు, అద్దాన్నీ తీగనూ కలిపి మూసేసిన గుండ్రటి సీల్డ్ బీములు, హాలోజెన్లు, నిన్నగాక మొన్న వచ్చిన ఎల్‌ఈడీలు. ఏ లైటు వేస్తే దాని కాలంనాటి రోడ్డు ఎదుట ఉంటుంది. కనిపించడమే కాదు, వెలుగు పడినంత మేర నిజంగానే ఉంటుంది, నడవొచ్చు కూడా. ఇత్తడి దీపం వెలిగిస్తే షాపు ముందు తారు పోయి బండ్ల బాట వస్తుంది. అప్పుడల్లా పక్కింటి పిన్ని పరుగెత్తుకొచ్చి, "బట్టలు ఆరేసుకున్నానే తల్లీ, దుమ్ము కొడుతోంది, నీ పాత రోడ్డు కాసేపు ఆపు" అంటుంది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

ఆ ఉదయం పొగమంచు గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. అందులోంచి చెల్లెలు రొప్పుతూ వచ్చింది.

"అక్కా, కొంప మునిగింది. తెల్లవారుజామున వరదకి వంతెన కూలిపోయిందట. చుట్టూ తిరిగి వెళ్తే మూడు గంటలు."

చెల్లెలికి రేపటితో ముప్పై అయిదు నిండుతాయి. నిండితే బస్సు డ్రైవరు ఉద్యోగానికి పనికిరాదు. ఇప్పటికి రెండుసార్లు పరీక్షకు వెళ్ళి, రెండుసార్లూ రివర్సులో బస్సును డ్రమ్ములకు తగిలించి వచ్చింది. మూడోదీ ఆఖరిదీ ఈ రోజే, పదకొండింటికి, ఏటి అవతల మైదానంలో.

అక్క గడియారం చూసింది. పదీ పది. అల్మారాలోంచి రెండు సీల్డ్ బీములు దింపింది.

"మన జీపు ముందుకి తియ్యి. ఇప్పటి వంతెన కట్టకముందు దాని పక్కనే ఇనప వంతెన ఉండేది. ఇవి దాని మీద తిరిగిన లైట్లే."

పావుగంటలో బిగించేసింది. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ, "ఒక్క మాట విను. వీటికి డిమ్ తీగ మాడిపోయింది. ఫుల్ లైటే గతి. వంతెన మీద డిమ్ కొట్టావంటే లైటు ఉండదు, వంతెనా ఉండదు, మనమూ ఉండం" అంది.

"పసిపిల్లనా ఏంటి, తెలుసులే."

ఏటి దగ్గర పోలీసాయన అడ్డంగా డ్రమ్ములు పెట్టి నిలబడ్డాడు. జీపు ముందు వంగి చూసి, "సీల్డ్ బీములా? అయితే వెళ్ళండి, నెమ్మదిగా" అని డ్రమ్ము పక్కకి జరిపాడు.

వెలుగు పడగానే పొగమంచులోంచి ఇనప కమ్మీలు ఒక్కొక్కటే పైకి లేచాయి. జీపు ఎక్కింది. కింద చెక్కలు దడదడలాడాయి, వెనక చక్రాలు దాటిన చెక్క దాటినట్టే మాయమవుతోంది. అయినా చెల్లెలికి నవ్వొస్తోంది. ఇంత బాగా ఆమె ఎప్పుడూ బండి నడపలేదు.

సగం దూరంలో ఎదురుగా రెండు పసుపుపచ్చటి దీపాలు కనిపించాయి. ఆ కాలపు లారీ ఏదో అవతలి చివర ఆగి ఉంది.

ఎదురుగా బండి కనిపిస్తే డిమ్ కొట్టాలని పన్నెండో ఏట నుంచీ ఆమెకు నూరిపోసింది అక్కే. చెయ్యి ఆగలేదు. డిమ్ కొట్టేసింది.

జీపు లైట్లు ఆరిపోయాయి. అక్క స్టీరింగు మీదకి దూకి స్విచ్ వెనక్కి నొక్కింది. వెలగలేదు, ఫ్యూజు పోయింది. ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

ఏమీ కాలేదు. కళ్ళు తెరిస్తే చెక్కలు కిందే ఉన్నాయి. లారీవాడు ఫుల్ లైటు తగ్గించలేదు. ఆ వెలుగు వంతెన పొడుగునా పరుచుకుని ఉంది.

"పోనీ, పోనీవే" అంది అక్క. జన్మలో మొదటిసారి, డిమ్ కొట్టని డ్రైవరును తిట్టలేదు.

చెల్లెలు కళ్ళు చికిలించుకుని ఆ వెలుగుకు ఎదురెళ్ళింది. జీపు చక్రాలు గట్టు మట్టిని తాకగానే లారీ లేదు, వంతెన లేదు, పొగమంచే ఉంది.

మైదానం చేరేసరికి అయిదు నిమిషాలు మిగిలాయి. పరీక్ష పెట్టే పెద్దాయన వచ్చే నెల రిటైరవుతున్నాడు.

"వంతెన లేదుగా, ఎలా వచ్చారమ్మా?"

"పాత ఇనప వంతెన మీద సార్. లారీ ఎదురొస్తే డిమ్ కొట్టాను, ఫ్యూజు పోయింది."

ఆయన రాస్తున్న పెన్ను ఆగింది. "జీపేనా? ఇద్దరు ఆడవాళ్ళు?"

"అవును సార్."

"ఈ ఉద్యోగంలోకి రాకముందు నేను లారీ తోలేవాణ్ణి" అన్నాడాయన. "పొగమంచులో ఒక జీపు ఎదురైంది. మర్యాదగా డిమ్ కొట్టి, మొత్తం ఆరిపోయింది. నేనూ వెలుగు తగ్గిస్తే ఏట్లో పడతారని ఫుల్ లైటు అలాగే ఉంచాను. దిగి చూస్తే జీపు లేదు. మూడు రోజులు ఏరంతా వెతికించాను తల్లీ. ముప్పై ఎనిమిదేళ్ళుగా మీరు పోయారనే అనుకుంటున్నాను."

చెల్లెలు ఆయన చెయ్యి పట్టుకుంది. "మీ వెలుగులోనే దాటాం సార్."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. "సరే, బస్సెక్కండి. డ్రమ్ము తగిలితే మాత్రం మీరైనా సరే ఇంటికే."

చెల్లెలు రివర్సు గేరు వేసింది. బస్సు నెమ్మదిగా వెనక్కి వచ్చి, డ్రమ్ములకు జానెడు దూరంలో ఆగింది. పెద్దాయన వంగి ఆ జానెడూ కొలిచి చూసి, కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత కాగితం ఆమె చేతికివ్వకుండా కాసేపు అలాగే పట్టుకుని, "బతికే ఉన్నారన్నమాట" అన్నాడు.