బ్యోర్క్లుండ్ పేరులో పడవ

ఆర్డిస్ బ్యోర్క్లుండ్ మా ప్రెస్సులో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ఆమె చేతుల్లో రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. ఒకదాంట్లో పదకొండేళ్లుగా పోగుచేసిన కాగితాలు, రెండోదాంట్లో యాలకుల రొట్టె. ముందు రొట్టె బల్ల మీద పెట్టి, మేం రెండేసి ముక్కలు తిన్నాకే కాగితాలు బయటకు తీసింది. ముప్పై ఎనిమిదేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఎవరి చేత పని ఎలా చేయించుకోవాలో ఆమెకు ఒకరు నేర్పనక్కర్లేదు.

డులూత్ ఊరి నుంచి ఉత్తరంగా సరస్సు ఒడ్డు వెంట, నార్వే నుంచి ఈ దేశానికి వచ్చి స్థిరపడిన జాలరి కుటుంబాలు అరవై నాలుగు. ఎవరు ఏ ఏడు వచ్చారు, ఎవరిని పెళ్లాడారు, ఎవరి పడవ ఏ తుపానులో పోయింది, అన్నీ ఆ కాగితాల్లో ఉన్నాయి. జూలైలో ఆ కుటుంబాలన్నీ కలుసుకుంటాయి. అప్పటికి పుస్తకం కావాలి.

"నాకు ఒకటే పట్టుదల," అంది ఆర్డిస్. కాగితం మీద ఓ అక్షరానికి అడ్డంగా గీత కొట్టి, ø అని రాసి చూపించింది. "ఈ గీత. మా తాత పేరులో ఉండేది. ఆయన్ని ఇక్కడ బడిలో వేసినప్పుడు పంతులమ్మ తీసేసింది, తన టైపు మిషన్‌లో లేదని. తర్వాత అదే బడిలో నేనూ పంతులమ్మనయ్యాను, ఆ పాపంలో నాకూ వాటా ఉందనుకోండి. ఈ పుస్తకంలో ఎవరి గీత వాళ్లకు తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

"తగ్గదండీ," అన్నాడు వర్లిన్ టోలెఫ్‌సన్. "మా సిస్టమ్‌కి అదొక లెక్కా!"

వర్లిన్ మా టైప్‌సెట్టరు. నేను ప్రూఫులు దిద్దుతాను. మా ప్రెస్సంతా కలిపి నలుగురం. రెండేళ్ల కిందటి వరకు ఆ కుర్చీలో మార్లిస్ హౌగెన్ ఉండేది. మేం వాడే మాక్రోలన్నీ ఆమె రాసినవే. మాక్రో అంటే పెద్ద విషయమేమీ కాదు, ఒక పేరు కొడితే పది పనులు చేసిపెట్టే ఏర్పాటు. మార్లిస్ వాటికి పెట్టే పేర్లు మాత్రం బారెడు పొడుగుండేవి. శీర్షిక కింద గీత గీసే మాక్రో పేరు అచ్చంగా "శీర్షికకిందసన్నగీత" అనే ఉండేది. ఆమె రిటైరైన రోజున విందులో వర్లిన్ లేచి, "మార్లిస్ గారి పేర్లు కొట్టీ కొట్టీ నా వేళ్లు అరిగాయి, రేపటి నుంచి వీటికి క్షవరం చేస్తాను," అని అందరినీ నవ్వించాడు. మార్లిస్ కూడా నవ్వింది. "చెయ్యి నాయనా, చెవులు మాత్రం కొయ్యకు," అంది.

అన్నట్టే చేశాడు. అన్నిటినీ రెండు మూడు అక్షరాలకు కుదించి, తన చేతివేగం చూసి తనే మురిసిపోయేవాడు.

ఆర్డిస్ పుస్తకం మొదటి ప్రూఫులు చక్కగా వచ్చాయి. గీతలన్నీ ఉన్నాయి. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసుకుంది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "ప్రతి కుటుంబానికీ పడవల జాబితా ఉంది కదా, దాని ముందు చిన్న పడవ బొమ్మ ఉంటే బావుండదూ?" అంది.

వర్లిన్‌కు అది అరగంట పని. రెండు తెడ్లున్న ముద్దొచ్చే పడవ గీశాడు. దానికో మాక్రో రాశాడు. అరవై నాలుగు చోట్ల దాన్ని చేత్తో పెట్టడం ఎందుకని ఒక చిన్న స్క్రిప్టు రాసి, అదే వెతికి పెట్టేలా చేశాడు. కొత్త ప్రూఫులు నా బల్ల మీద పడేసి, "చూసుకో, చేపల వాసన రావడం ఒక్కటే తక్కువ," అన్నాడు.

నేను మొదటి పేజీ తిప్పాను. రచయిత్రి పేరులో బి ఉంది, జె ఉంది, ఆ తర్వాత ఓ ఉండాల్సిన చోట పడవ ఉంది, మిగిలిన పేరు ఆ పడవ వెనకాల ఉంది.

"వర్లిన్, ఇలా రా," అన్నాను.

అతను వచ్చి చూశాడు. పేజీలు తిప్పాడు. దాదాపు ప్రతి పేరులోనూ పడవలే. తాతల్లో, మనవల్లో, సమాధుల జాబితాలో, చివర అకారాది పట్టికలో అన్నిచోట్లా తెడ్లు వేసుకుంటూ పోతున్నాయి. ఊరికే కుతూహలం కొద్దీ పేర్లలో దూరినవాటిని లెక్కపెట్టాను. వెయ్యిన్నూట ఇరవై.

"స్క్రిప్టు ఎక్కడో తప్పు చేసింది," అన్నాడు వర్లిన్. "పది నిమిషాలు."

పది నిమిషాలు ఎనిమిది రోజులయ్యాయి. స్క్రిప్టు మూడుసార్లు తిరగరాశాడు. ఫైలు తెరిచి చూస్తే పేర్లన్నీ సవ్యంగానే ఉండేవి, గీతతో సహా. పడవ కమాండు సరిగ్గా అరవై నాలుగు చోట్లే ఉండేది. అదే ఫైలు పేజీలుగా మారేసరికి పడవలు బారులు తీరేవి. ఫాంటు మార్చాడు. పడవలు పోలేదు. ఆర్డిస్ కంప్యూటరులోనే ఏదో తేడా ఉందని పేర్లన్నీ తన చేత్తో మళ్లీ కొట్టాడు. పడవలు పోలేదు.

"ఒక మాట చెప్పనా," అన్నాను నాలుగో రోజున. "గీత ఉన్న పెద్ద ఓతో, అదే క్యాపిటల్ ఓతో మొదలయ్యే పేర్లున్నాయి చూడు, ఓయెన్ వాళ్లవి. వాటికేం కాలేదు. చిన్న ఓలోనే పడవ ఎక్కుతోంది."

"నువ్వు కామాలు చూసుకో, ఐలీన్."

కామాలు చూసుకున్నాను.

మంగళవారం ఆర్డిస్ వచ్చింది. వర్లిన్ ప్రూఫులు దాచబోయాడు కానీ బడిపంతులమ్మ దగ్గర కాగితం దాచడం ఎవరి తరం? ఆమె నెమ్మదిగా నాలుగు పేజీలు చూసింది.

"వర్లిన్, నేనడిగింది ఇంటికో పడవ. నువ్వు ఏకంగా నౌకాదళాన్నే దింపావే."

"సరిచేస్తున్నానండీ. మెషీను కొంచెం..."

"మా తాతకు పంతులమ్మ కూడా ఇలాగే చెప్పింది. మిషన్ అంది." గొంతు పెంచలేదు. ప్రూఫులు అంచులు సమంగా తట్టి బల్ల మీద పెట్టింది. "అచ్చుకు ఎప్పుడు పంపాలి?"

"వచ్చే సోమవారం."

"అప్పటికీ కుదరకపోతే మామూలు ఓ పెట్టెయ్. మా వాళ్లకు అలవాటే."

ఆ మాట వర్లిన్‌కు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె వెళ్లాక చాలాసేపు తెరవైపు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం తిండి కూడా ముట్టలేదు.

"మార్లిస్‌కు ఫోను చెయ్యరాదూ?" అన్నాను.

"చచ్చినా చెయ్యను."

అందుకని నేనే చేశాను. మార్లిస్ పెరట్లో పుల్లటి రూబార్బ్ కాడలు కోస్తోంది. విషయమంతా విని, "పెద్ద ఓ బాగుందా?" అని ఒక్క ప్రశ్న వేసింది. బాగుందన్నాను. అవతల నుంచి నవ్వు వినిపించింది. ఎంతకీ ఆగని నవ్వు.

"తెలిసిపోయిందా? చెప్పెయ్ అయితే, అతనికి చెప్తాను."

"నువ్వు చెప్తే మళ్లీ చేస్తాడు. రేపు పొద్దున నేనొస్తా."

బుధవారం పొద్దున తొమ్మిదింటికి రూబార్బ్ కేకు పళ్లెంతో దిగింది. డెబ్బై నాలుగేళ్లు, పొట్టి మనిషి, చీలమండల పైదాకా రబ్బరు బూట్లు. వర్లిన్ ఆమెను చూసి, తర్వాత నన్ను చూశాడు. నేను కామాలు చూసుకుంటున్నాను.

"నీ నౌకాదళం చూద్దామని వచ్చాను," అంది మార్లిస్.

"మీకు కూడా తెలిసిపోయిందా!"

"ఊరంతా తెలిసింది. ఒడ్డున జెండాలు కడుతున్నారు. జరుగు."

అతను కుర్చీ ఖాళీ చేయబోయాడు. ఆమె వద్దని పక్క కుర్చీ లాక్కుని, కీబోర్డును ముట్టుకోనని చెప్పడానికన్నట్టు రెండు చేతులూ కాఫీ కప్పుకు చుట్టుకుంది.

"పుస్తకంలో సగం తీసెయ్."

"ఏంటీ?"

"నకలులోనేలే, ప్రాణం పోయినట్టు చూస్తావేం. సగం తీసేసి నడిపించు."

నడిపించాడు. పడవలున్నాయి. మిగిలినదాంట్లో మళ్లీ సగం తీయించింది. ఉన్నాయి. మళ్లీ సగం. వంద పేజీలు యాభై అయ్యాయి, యాభై ఒక అధ్యాయమైంది, అధ్యాయం ఒక కుటుంబమైంది. మధ్యమధ్య వర్లిన్, "స్క్రిప్టు చూద్దామండీ, అక్కడే ఉంటుంది," అంటూనే ఉన్నాడు.

"స్క్రిప్టు తీసి పక్కన పెట్టు. ఇప్పుడు నడిపించు."

స్క్రిప్టు లేకుండా కూడా పడవ వచ్చింది. అతని మొహం చూడాల్సిందే. ఎనిమిది రోజులు తను తిట్టి కొట్టిన మనిషి నిర్దోషి అని తేలినట్టుంది.

"ఇంకా తగ్గించు."

చివరికి ఫైలులో ఒక్క అక్షరం మిగిలింది, ø. పైన వర్లిన్ రాసిన పడవ మాక్రో ఒక్క వరుస. నడిపించాడు. తెల్లటి పేజీ, దాని మీద మూలన ఒంటరిగా ఒక పడవ.

"బావుంది," అంది మార్లిస్. "చక్కగా గీశావు. దీని పేరేం పెట్టావు?"

"ఓ. ఇంగ్లీషులో తెడ్డును ఓర్ అంటాం, దాని మొదటి అక్షరం కదా అని."

"ఒక్క అక్షరమే?"

"ఒక్కటే." చెప్తూనే అతని గొంతు కొద్దిగా తగ్గింది.

"ఆ పేరు పెట్టినప్పుడు మెషీను ఏమీ అనలేదూ?"

వర్లిన్ తల గోక్కున్నాడు. "ఏదో అంది."

"ఏమంది?"

"ఆ పేరు ఇదివరకే ఉంది అంది."

"అప్పుడు నువ్వేం చేశావు?"

నేను కామాల మీంచి తలెత్తాను.

"ఉంటే ఉందిలే, నేను చెప్పిందే ఖాయం చెయ్యి అని కొట్టావా?"

"కొట్టాను."

"నోరు మూయించావన్నమాట."

"మూయించాను," అన్నాడు వర్లిన్, నేల చూస్తూ.

మార్లిస్ కప్పు కింద పెట్టింది. "నాయనా, నువ్వు ఫైల్లో గీత ఓ కొట్టినా, ఆర్డిస్ కొట్టినా, లోపల మెషీను దాన్ని ఓ అనే మాక్రో పేరుతోనే పిలుస్తుంది. చిన్న ఓ అంటే ఈ గీత అక్షరం. పెద్ద ఓ అంటే పెద్ద గీత అక్షరం. పెద్దదాని జోలికి నువ్వు వెళ్లలేదు, అది బతికిపోయింది. చిన్నదాని ఇల్లు మాత్రం లాక్కుని పడవకిచ్చావు. పాపం గీతను ఎవరు పిలిచినా లోపలి నుంచి పడవ పలుకుతోంది."

"ఐలీన్ నాలుగో రోజే చెప్పింది పెద్ద ఓ గురించి," అన్నాడు వర్లిన్ మెల్లగా. అతను అలా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. ఆ తర్వాత వారం రోజులు నేనూ అతన్ని ఏడిపించలేదు. వారమే.

"మరి మీరు అన్ని పొడుగు పేర్లు పెట్టింది ఇందుకా?"

"ఇందుకే. పొట్టి పేర్లన్నీ నేను వచ్చేసరికే ఎవరో ఒకరు తీసేసుకున్నారు. నేనూ ఒకసారి ఈ దెబ్బే తిన్నాను. ఒక బిషప్పు గారి ప్రసంగాల పుస్తకంలో. అందులో ఏం దూరిందో మాత్రం అడక్కు."

మేమిద్దరం చాలా అడిగాం. చెప్పలేదు.

వర్లిన్ మాక్రో పేరు చెరిపి కొత్త పేరు కొట్టాడు, "కుటుంబపడవబొమ్మ" అని, అక్షరం అక్షరం, వేళ్లు అరిగితే అరగనీ అన్నట్టు. మొత్తం పుస్తకం నడిపించాడు. అరవై నాలుగు పడవలు, ఎక్కడివక్కడ. వెయ్యిన్నూట ఇరవై గీతలు, ఎక్కడివక్కడ. నేను రెండు రోజులు కూర్చుని ప్రతిదీ వేలు పెట్టి చూశాను. సోమవారం పుస్తకం అచ్చుకు వెళ్లింది. ఆర్డిస్‌కు ఫోనులో చెప్పినప్పుడు వర్లిన్ మెషీను మాట ఎత్తలేదు. "తప్పు నాదేనండీ, పేరు ముందే ఉందని చెప్పినా వినలేదు," అన్నాడు. అవతల ఆమె ఏమందో తెలియదు కానీ అతని చెవులు ఎర్రబడ్డాయి.

జూలైలో ఆ కలయికకు మా ముగ్గురినీ పిలిచారు. సరస్సు ఒడ్డున హాలు, బయట పెద్ద మూకుళ్లలో వేగుతున్న హెర్రింగు చేపలు, గాలి చలిగానే ఉంది. జనం పుస్తకాలు తెరిచి తమ పేర్లు వెతుక్కుంటున్నారు. వర్లిన్ చేతులు జేబుల్లో పెట్టుకుని, ఎవరైనా మెచ్చుకుంటే వినబడేంత దూరంలో తిరుగుతున్నాడు.

తొంభై ఒక్కేళ్ల సెల్మర్ స్ట్రోమ్ అతన్ని చేయెత్తి పిలిచాడు. "నువ్వేనా దీన్ని అచ్చువేసింది?"

"నేనేనండీ." వర్లిన్ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

"మరి నా పేరెందుకు కొట్టేశావు?"

"కొట్టెయ్యడమేంటండీ?"

"ఇదిగో. ఓ మీద గీత గీశావు చూడు. మా అన్న పేరు కూడా కొట్టేశావు. మేమేం చేశాం నీకు?"

మార్లిస్ చేప ముక్కను నోటి దాకా తెచ్చి ఆపేసింది. ఆర్డిస్ వచ్చి ముసలాయన పక్కన కూర్చుంది.

"అది కొట్టివేత కాదు, సెల్మర్. మీ నాన్న తన పేరు అలాగే రాసేవాడు. ఆయన వచ్చిన ఓడ పుస్తకంలో సంతకం ఉంది, నేను చూశాను."

"మా నాన్నా?" సెల్మర్ పుస్తకం దగ్గరగా తెచ్చుకుని చూశాడు. "నాకెప్పుడూ చెప్పలేదే."

"ఎవరూ చెప్పలేదు. మా తాత కూడా."

ఆయన పుస్తకం ఒడిలో పెట్టుకున్నాడు. తర్వాత వర్లిన్‌ను పెన్ను అడిగాడు. కాగితపు పళ్లెం తిరగేసి తన పేరు రాసుకున్నాడు. ఓ దగ్గర ఆగి గీత గీశాడు. అది వెనక్కి వాలింది.

"అటు కాదండీ, ఇటు," అన్నాడు వర్లిన్, వంగి గాలిలో వేలితో చూపిస్తూ.

"తొంభై ఏళ్లు అసలే లేకుండా నడిచింది, కాస్త వంకరగా ఉంటే ఏమవుతుంది?" అన్నాడు సెల్మర్. అయినా ఇంకో పళ్లెం తెమ్మన్నాడు.