ఒక పక్కే రంగు

మా రేసు జట్టు షెడ్డులో ఒక పద్ధతి ఉంది. కొత్త కారు ఎలా ఉంటుందో సీజన్ మొదలయ్యేదాకా పనివాళ్లెవరికీ మొత్తంగా చూపించరు. ఎవరి ముక్క వాళ్లది. అందుకే చలికాలమంతా టీ గదిలో ఊహలే ఊహలు. ఆ ఊహల్లో నా మాటకే విలువ. ఏ ముక్కయినా చివరికి రంగు కోసం నా గదికి రావలసిందే కదా.

ఈ ఏడు కారు ముక్కు వచ్చింది. వెడల్పుగా, కొస వంగి ఉంది. దాని మీద మా జట్టు ఎరుపు ఒక పొర వేసి, ఆరబెట్టి, టీ గదికి వెళ్లి తీర్పు చెప్పాను.

"రాసిపెట్టుకోండి. ఈసారి బండి బాతులా ఉంటుంది."

అందరూ తలలూపారు. అచ్చులు పోసే నా బావమరిది మాత్రం కప్పులోకి చూస్తూ నవ్వాడు.

"ఏంట్రా ఆ నవ్వు?"

"ఏం లేదు బావా. గుడ్లు పెడుతుందేమో చూడు."

సాయంత్రం నా గది గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ముక్కు లోపల ఒకసారి చూసుకో. నేను చెప్పానని అనకు, అక్కతో కూడా."

తిప్పి చూశాను. అసలు కారు ముక్కలకు లోపల కార్బన్ నేత నల్లగా కనిపిస్తుంది. ఇది తెల్లగా, గరుకుగా ఉంది. మామూలు ఫైబరు. పరుగెత్తే బండిది కాదు, జనానికి చూపించే బొమ్మది. రంగువాడికి పై భాగమే లోకం. లోపల చెయ్యి పెట్టాలని నాకు తోచనే లేదు.

మరి అసలు బండి సంగతేంటని వాణ్ణే అడిగాను. దానికి రంగే లేదట. బరువు తగ్గించడానికి నల్లగానే వదిలేస్తారట.

నేరుగా డిజైన్ సారు దగ్గరికి వెళ్లాను. నాకంటే చాలా చిన్నవాడు. మర్యాదస్తుడు, అదే నాకు ఎక్కువ ఒళ్లు మండించేది.

"రంగు బరువు మేస్త్రీ. ఆ బరువు మోస్తే వెనకబడతాం."

నిజమే కావచ్చు. నిజమైతే నా కడుపు మండకూడదా?

"జానెడు చోటు చాలు సార్, ముక్కు మీద. నేను చేరాక నా రంగు లేకుండా మన బండి ఒక్కటీ బరిలోకి దిగలేదు."

"కుదరదండీ. బొమ్మ పూర్తి చెయ్యండి, ఎల్లుండే ఆవిష్కరణ. ఫొటోల్లో కనిపించేది మీ పనే కదా."

"కదలని బండికి మెరుపులెందుకు సార్?"

అప్పటికి నా గదికి వచ్చిన బొమ్మ ముక్కల్లో ఎడమ పక్కవి పూర్తయ్యాయి. కుడి పక్కవి ఇంకా బూడిద రంగు అడుగుపూతతోనే ఉన్నాయి. స్ప్రే గన్ను కడిగి కొక్కేనికి తగిలించి ఇంటికి వచ్చేశాను. సగం ఒకడు, సగం ఇంకొకడు వేస్తే ఎరుపు కలవదు. అది వాళ్లకీ తెలుసు.

"ఆ బొమ్మతో మీకు పంతమేంటి? ఉద్యోగం ఊడితే?" అంది మా ఆవిడ.

"బొమ్మతో కాదే. నన్ను బొమ్మలవాణ్ణి చేశారు. ఊడితే ఊడనీ."

ఆవిష్కరణ రోజు కారు కుడి పక్కను గోడవైపు తిప్పి నిలబెట్టారు. దీపాలు, చప్పట్లు, కెమెరాలు అన్నీ ఎడమ పక్కకే. పనివాళ్లను వెనక్కి వెళ్లి నిలబడమన్నారు. నేను స్టూలు తెచ్చుకుని గోడకీ కారుకీ మధ్య సందులో, బోసి పక్కన కూర్చున్నాను.

బావమరిది పరుగున వచ్చాడు. "లే బావా. నీ బట్టతల టీవీలో పడుతోంది."

"పడనీరా. దానికీ రంగు లేదు."

తర్వాత డిజైన్ సారు వచ్చాడు. కెమెరాల కోసం నవ్వు అలాగే ఉంచి, పళ్ల మధ్యనుంచి మాట్లాడాడు.

"దయచేసి లేవండి మేస్త్రీ. విలేకరులు చుట్టూ తిరిగి ఇటే వస్తున్నారు."

"రానివ్వండి సార్. అడిగితే చెబుతాను, అటు సగం నాది, ఇటు సగం మీది అని."

అతని నవ్వు కాస్త జారింది. వంగి, నా చెవిలో అన్నాడు: "సరే, అసలు బండికి బెత్తెడు చోటిస్తాను. లోపలి వైపు. ఎవరికీ కనిపించకుండా."

"పైన సార్."

"రేపు మాట్లాడుకుందాం."

"మాట్లాడుకుందాం. అందాకా నేనిక్కడే కూర్చుంటా."

మొదటి కెమెరా ముక్కు దాటి ఇటు తిరిగింది. స్టూలు ఒక అడుగు ముందుకు జరుపుకున్నాను.