పాస్కో గారి గడ్డం

తోమా ఎవరినీ క్షమించే రకం కాదు. భార్య లీలారాణిని సమాధి చేసిన రోజున ఆలస్యంగా వచ్చిన పాస్టరును క్షమించలేదు. అసలు రాని బావమరిదిని క్షమించలేదు. వచ్చి, భోజనాల దగ్గర పులుసు బాగా కుదిరిందని మెచ్చుకున్నవాళ్ళతోనైతే మళ్ళీ మాట్లాడలేదు.

ఐర్లండ్‌లోని డ్రోహెడా ఊరి చివర ఉన్న వృద్ధుల కేర్ హోమ్‌లో అతనిది కేరర్ ఉద్యోగం. ముసలివాళ్ళకు స్నానం చేయించాలి, బట్టలు తొడగాలి, గడ్డం గీయాలి. పనిలో వంక పెట్టడానికి లేదు. ముఖాన నవ్వు మాత్రం ఉండదు. అలాంటి మనిషికి విల్‌ఫ్రెడ్ పాస్కో గారి గది అప్పజెప్పారు.

పాస్కో గారిది ఇంగ్లండ్. నటుడు. ఈ ఊరి పిల్లను చేసుకుని, ఆమె పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. ఎనభై దాటినా పొద్దున కళ్ళు తెరుస్తూనే నవ్వుతారు. పెళ్ళాం పోయిన మనిషికి అంత నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో తోమాకు అంతుబట్టేది కాదు. మొదట్లో అందుకే ఆయనంటే గిట్టలేదు.

ఆయన యాభై ఏళ్ళు సినిమాల్లో, టీవీలో వేషాలు వేశారు. పేరు చెబితే ఎవరికీ తెలియదు, ముఖం చూస్తే అందరికీ తెలుసు. కానిస్టేబులు, బట్లరు, రైల్లో టికెట్లు చూసేవాడు, జడ్జీ పక్కన కూర్చునే గుమాస్తా. అప్పుడప్పుడు శవం. మధ్యాహ్నం పూట హాల్లో పాత సీరియళ్ళు వస్తుంటే, "అదుగో, ఆ తలుపు మూసింది నా చెయ్యే" అని చూపించేవారు. తోమా తల తిప్పేలోగా తలుపు మూసుకుపోయేది.

"హీరో టీ చల్లారకముందే లోపలికి తేవాలి. తెచ్చినవాడు ఎవరికీ గుర్తుండకూడదు. అదే నా విద్య."

"దానికి జీతమిచ్చారా సార్?"

"ఇచ్చారు. నువ్వు సార్ అంటుంటే ఇంకా బాగుంది. లండన్‌లో ఎవరూ ఇవ్వని బిరుదు నువ్వు రోజుకు పదిసార్లు ఇస్తున్నావు."

హోమ్‌లో అందరూ ఆయన్ను విల్ఫ్ అని పిలుస్తారు. అంత పెద్దమనిషిని పేరు పెట్టి పిలవడానికి తోమాకు నోరు రాదు.

ఆ ఏప్రిల్‌లో ఈఫా అనే డైరెక్టరు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. టీవీ కోసం కథ తీస్తోంది. ఇల్లు ఖాళీ చేయనని మొండికేసిన ముసలి రైతు వేషం. తీసుకుపోవడానికి గార్డు వస్తాడు. గార్డంటే ఇక్కడి పోలీసు. ముసలాయన తలుపు తీస్తాడు, లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు, ఆ తర్వాత నిండుగా ఒక పేజీ మాట్లాడతాడు. యాభై ఏళ్ళలో కథ మొత్తం ఆగి ఆయన మాట వినడం అదే మొదటిసారి. స్నానం చేయిస్తున్నప్పుడు కూడా ఆ పేజీ వల్లించేవారు. వద్దనుకున్నా తోమాకు కంఠతా వచ్చేసింది.

శుక్రవారం తలుపు తీసే ముక్క తీశారు. మాటలు సోమవారం. ఆ వారం రోజులూ తోమా సెలవులో ఉన్నాడు.

శనివారం సాయంత్రం డ్యూటీకి వచ్చేసరికి పాస్కో గారి ముఖం నిండా తెల్లటి మాసిన గడ్డం. తోమాకు ఒళ్ళు మండింది. మర్నాడు తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు వచ్చి హాల్లో పాటలు పాడి, ప్రభువు బల్ల రొట్టె, రసం ఇస్తారు. భాష రాకపోయినా పాస్కో గారు ముందు వరసలో కూర్చుని తాళం వేస్తారు. రేపల్లె దగ్గర తోమా పుట్టిన పల్లెలో శనివారం సాయంత్రమైతే మగవాళ్ళంతా గడ్డాలు గీయించుకునేవాళ్ళు. మాసిన గడ్డంతో బల్ల దగ్గరికి వచ్చినవాణ్ణి సంఘపెద్దలు వెనక బెంచీకి పంపేవాళ్ళు. తను చూసుకునే మనిషి ఆ అవతారంతో ముందు వరసలో కూర్చోవడం కుదరదు.

ముఖాన వేడి తువ్వాలు పడితే పాస్కో గారు నిద్రపోతారు. ఆ సాయంత్రమూ అంతే. ఆయన గురక పెడుతుండగా తోమా నున్నగా గీసేశాడు.

మందుల ట్రాలీ తోసుకుంటూ నర్సు నిస్సీ వచ్చింది. భీమవరం పిల్ల. ఇదే హోమ్‌లో నర్సుగా చేసిన లీలారాణి చేతికింద పని నేర్చుకుంది కాబట్టి తోమాతో మాట్లాడే ధైర్యం ఆమెకే ఉంది.

"అంకుల్, ఏం చేశారండీ?"

"కనపట్టంలా? గడ్డం గీశా."

"సోమవారం దాకా ముట్టుకోవద్దని షూటింగోళ్ళు మరీమరీ చెప్పెళ్ళారండీ. తలుపు తీసేటప్పుడు గడ్డముండి, కుర్చీలో కూర్చునేసరికి లేకపోతే జనం నవ్వరా?"

"నాకెవరు చెప్పారు?"

"మీరు సెలవు కదండీ."

"అయితే తప్పు నాది కాదు."

"తప్పెవరిదైతే ఏంటండీ. సోమవారానికి అంత గడ్డం మొలుస్తుందా?"

ఆ మాటలకు పాస్కో గారు లేచారు. చెంప తడుముకున్నారు. నిస్సీ ముఖం చూశారు, తోమా చేతిలో కత్తి చూశారు.

"నా పేజీ పోయింది తోమా," అన్నారు.

తిట్టి ఉంటే తోమా తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఆదివారం ఆయన ముందు వరసలో నున్నటి ముఖంతో కూర్చుని తాళం వేశారు. తోమా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు.

సోమవారం సముద్రం ఒడ్డున ఉన్న రాళ్ళ ఇంటికి ఆయన వెంట తోమా కూడా వెళ్ళాడు. ఒక సీనుకూ ఇంకో సీనుకూ తేడా రాకుండా చూసుకునే ఆవిడ ఫోనులో శుక్రవారం ఫొటో చూసింది, పాస్కో గారి ముఖం చూసింది, మెట్టు మీద కూలబడింది. మేకప్ వాళ్ళు గడ్డం అతికించి చూశారు. కెమెరా దగ్గరికి పోతే కొబ్బరి పీచులా కనిపించింది. తలుపు ముక్క మళ్ళీ తీద్దామంటే అందులో గార్డు వెంట వచ్చిన ఇద్దరు నటులు అప్పటికే విమానమెక్కి వెళ్ళిపోయారు.

"విల్ఫ్, ఏమీ అనుకోకండి," అంది ఈఫా. "ఆ మాటలు పక్కింటాయన వేషం వేసినాయనతో చెప్పిస్తాను. మీరు కిటికీ వైపు తిరిగి నిలబడితే చాలు."

"వీపు చూపించడంలో నాకు మంచి అనుభవం ఉంది," అన్నారు పాస్కో గారు. నవ్వబోయారు, కుదరలేదు.

తోమా ముందుకొచ్చాడు. "గీసింది నేను. ఆయన నిద్రలో ఉన్నారు."

"ఎందుకు గీశావు?" అంది ఈఫా.

"మర్నాడు ప్రార్థన. మాసిన గడ్డంతో మనిషి నలుగురిలోకి వెళతాడా?"

పాస్కో గారు తలెత్తారు. "ఇంకోసారి చెప్పు."

తోమా చెప్పాడు.

"ఈఫా, మన ముసలాడు మాత్రం వెళతాడా?" అన్నారు పాస్కో గారు. "కూర్చో సార్జెంటూ, గడ్డం గీసుకోకుండా నేను గడప దాటను అంటాడు. ముఖం నిండా నురగ పట్టిస్తే కింద గడ్డం ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? గీయించుకుంటూనే నా పేజీ చెబుతాను."

ఈఫా ఆయన చేతుల వైపు చూసింది. "ఎవరు గీస్తారు? మీ చేతులు వణుకుతాయి కదా."

"ఈ దేశంలో ముసలాళ్ళ ఇంటికి కేరర్ రాడా?"

అందరూ తోమా వైపు తిరిగారు.

"నాకు నటన రాదు," అన్నాడు తోమా.

"నీకు నవ్వడం కూడా రాదు. అదే కావాలి."

మొదటిసారి క్లాప్ పలక చప్పుడుకు తోమా చెయ్యి అదిరి నురగ పాస్కో గారి చెవిలోకి పోయింది. రెండోసారి మాటలన్నీ కంఠతా వచ్చినందువల్ల పెదవులు వాటంతటవే కదిలాయి. కేరర్ కూడా ముసలాయన మాటలు వల్లిస్తున్నాడని ఈఫా ఆపేసింది. పాస్కో గారు అతని చెయ్యి పట్టుకుని, "నేను లేననుకో. నీ ఎదుట దవడ ఒక్కటే ఉంది," అన్నారు.

మూడోసారి తోమాకు దవడ తప్ప ఏమీ కనిపించలేదు. పొలంలో రాళ్ళేరిన తండ్రి గురించి, ఆ రాళ్ళతో కట్టిన గోడ గురించి పాస్కో గారు చెబుతున్నారు. పైపెదవి వంతు వచ్చింది. తోమా అలవాటు కొద్దీ ఆయన ముక్కు పట్టుకుని పైకెత్తాడు. మాట సగంలో ఆగింది. కత్తి పెదవి దాటేదాకా ముసలాయన చూపు గార్డు మీదే నిలిచింది. అంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ కదల్లేదు. తోమా ముక్కు వదిలాక ఆయన మిగతా వాక్యం చెప్పారు. అది రాసినదానికన్నా బాగా వచ్చింది.

"కట్," అంది ఈఫా. "విల్ఫ్, ఇక దీన్ని ఎవరూ ముట్టుకోరు. పేజీ మీదే."

అందరూ చప్పట్లు కొట్టారు. పాస్కో గారు కళ్ళు మూసుకుని నురగ కిందే నవ్వుతున్నారు. తోమా కత్తి కడిగి, గడ్డమే లేని ఎడమ చెంప మీద మళ్ళీ పెట్టాడు.

"అయిపోయింది, ఆపొచ్చు," అని ఎవరో చెప్పారు.

"సగం గీసి వదిలే అలవాటు నాకు లేదు," అన్నాడు తోమా.

ఈఫా మళ్ళీ తియ్యమని కెమెరా అతనికి సైగ చేసింది. గార్డు వేషం వేసినతను వెలుతురుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. తోమా అతన్ని పక్కకు జరగమన్నాడు.