జున్నుపాల సీసా

"నీ బర్రెకు రోగముంది రుక్మాబాయీ. మందలో ఉంచకూడదు, కోతకు అమ్మేయండి," అన్నాడు డాక్టర్ ఏసుపాదం, కోదాడ పశువుల దవాఖాన వరండాలో నిలబడి.

చిలుకూరు పక్క తండాలో ఆమె ఇల్లు గడిచేదే ఆ ఒక్క బర్రె మీద. నాలుగు రోజుల కిందటే ఈనింది, దూడ చెంగుచెంగున గెంతుతోంది. దానికి రోగమేమిటి, ఎవరి కళ్లు పడ్డాయో ఏమో! కానీ తొంభై రెండులో ఆ చుట్టుపక్కల బర్రెలకు వరసగా కడుపులు పోతున్నాయి. ఆ రోగం పచ్చిపాలతో మనుషులకూ అంటుకుంటుందని దవాఖానవాళ్లు ఇల్లిల్లూ తిరిగి పాలు పట్టుకెళ్తున్నారు. గాజుగొట్టంలో పాలకు నీలిమందు కలుపుతారు. పైకి తేలిన మీగడ నీలమైతే రోగమున్నట్టు. రుక్మాబాయి పాల మీద చిక్కటి నీలం తేలింది.

తోలుకొచ్చిన బర్రెను పట్టుకుని భర్త భీమ్లా అప్పుడే గేటు దగ్గర కటికాయనతో మాట్లాడుతున్నాడు. "డాక్టరే చెప్పినంక ఇగ ఏముంటది," అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

రుక్మాబాయికి ఒళ్లు మండిపోయింది. గిర్రున తిరిగి డాక్టరు ముందు నిలబడింది.

"మీ మనిషి సీస ఇచ్చి, సారు పాలు పంపమన్నడని చెప్పిండు. పెద్దమనిషి అడిగిండని, నా బిడ్డ తారాకు సుత పెట్టకుండ మొదటి జున్నుపాలు మీకు పంపిన. గందుకు గిదా సారూ నాకు దక్కింది?"

డాక్టరు చేతిలో కలం ఆగిపోయింది. "ఏ పాలు?"

"జున్నుపాలు. ఈనిన పూటవే."

"రోగం తగిలితే దానితో పోరాడే యాంటీబాడీలు ఒంట్లో పుడతాయమ్మా. ఈ పరీక్ష పట్టేది వాటినే. బర్రెకు రోగం లేకపోయినా జున్నుపాలలో అవి కుప్పలుగా ఉంటాయి, నీలం రావచ్చు. నెత్తురు చూడాలి. సాయంత్రం దాకా అమ్మకండి."

బర్రె మెడ దగ్గర నెత్తురు తీశారు. అది పేరుకుని పైన పసుపునీరు తేలేదాకా ఆగాలట. రుక్మాబాయి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కటికాయన బీడీ మీద బీడీ కాలుస్తూ గేటు దగ్గరే ఉన్నాడు, కదిలితే ఒట్టు.

సాయంత్రం ఆ పసుపునీటి చుక్కను తెల్ల పలక మీద వేసి గులాబీరంగు మందు కలిపాడు డాక్టరు. నాలుగు నిమిషాలలో పలుకులు కడితే బర్రె కోతకు పోవాల్సిందే. ఆమె రెప్ప వేయకుండా చూసింది. నడుమ ఏదో పలుకు మెరిసినట్టయింది. డాక్టరు పలక ఊపాడు. అది బుడగ, పగిలిపోయింది.

"లేదు. నీ బర్రెకు ఏ రోగమూ లేదు."

రుక్మాబాయి అక్కడే కూలబడి భోరున ఏడ్చింది. భీమ్లా పరుగున పోయి కటికాయనను పంపించేశాడు.

"ఎప్పుడు ఈనిందని నేను అడగాల్సింది. తప్పు నాదే," అన్నాడు డాక్టరు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగింది.

"మా తండల బర్రె ఈనితే ఎవరైనా మీకు జున్నుపాలే పోస్తరు సారూ. పోయిన నెల సేవ్యా సుత గవే పోసిండు. ఆయన బర్రెను గూడ మీరు అమ్మమన్నరు."

సేవ్యా బర్రె కోతకు పోయి అప్పటికి ఇరవై రోజులు.