దాసుగారివైపు పెట్టె

కార్తికమాసపు సాయంసమయమున దివిసీమ వరిచేలు పసిడివన్నె దాల్చి తలలు వాల్చియుండ సముద్రముమీఁదినుండి వచ్చు చిఱుగాలి పందిరి తాటాకులను గలగల మ్రోగించుచుండ నాంచారమ్మ హరికథావేదికచుట్టును తీఁగలు పఱచుచుండెను. మైకుసెట్టు నడుపు తండ్రి వీరాస్వామి మోఁకాళ్లనొప్పులతో మంచము పట్టుటచే నావిద్య నామె యాయనయొద్ద నభ్యసించి నాఁడు తొలిసారి యొంటిగా వచ్చినది. గర్వము కొంత కలదు. భయ మంతకు మిక్కిలి కలదు.

జనులవైపు తిరిగిన స్పీకర్ల పెద్దపెట్టెలు చక్కఁగఁ బలికెను. కథ చెప్పు దాసుగారు తన గొంతు తాను వినుటకై యాయనవైపు త్రిప్పియుంచిన చిన్నపెట్టె మాత్రము మైకు తెఱచినంతనే చెవులు చిల్లులు పడునట్లు కూయఁజొచ్చెను. కథ మొదలగునప్పటికి సవరింతునని తలఁచి యామె దాని మీటను గట్టివేసి నోరు మూయించి జనసమ్మర్దపు హడావుడిలో నామాటయే మఱచెను.

వార్ధక్యమున గొంతు తన్ను విడిచిపోవునేమో యని యేఁడాదిగా లోలోన బెంగటిల్లుచున్న పెరుమాళ్లదాసుగారు గజ్జెలు ఘల్లుమనఁ గల్యాణకథ నారంభించి గొంతెత్తి పాడి చెవియొగ్గెను. తన పాట తనకు వినరాలేదు. మఱింత గట్టిగాఁ బాడెను. మెడనరములు పొంగఁ బాడెను. పందిరిచివరఁ గూర్చున్న ముసలమ్మలకు సయితము ప్రతిపదమును స్పష్టముగ వినవచ్చి వారు తలలూఁచుచుండఁగా నామహానుభావుఁ డొక్కఁడే తన గాత్రము నశించినదని నిశ్చయించుకొని కథ సగమున మంగళము పాడి గజ్జెలు విప్పెను.

తీఁగలు చుట్టునపుడు నాంచారమ్మ కట్టియున్న మీటను జూచెను. బండి యెక్కఁబోవుచున్న యాయనకడకుఁ బరుగునఁ బోయెను.

“దాసుగారూ, తప్పు నాదండి. మీవైపు పెట్టె నేనే కట్టేసి మర్చిపోయానండి. మీ గొంతు పందిరి చివరిదాకా ఖంగుమని వినిపించిందండి.”

ఆయన మందహాసము చేసెను.

“ముసలాణ్ణి నొప్పించకూడదని తప్పు నీ నెత్తినేసుకుంటున్నావు. మీ నాన్నదీ ఇట్టాంటి మనసేనమ్మా. చల్లగా ఉండు.”

“ఒట్టండి. ఒక్కసారి వేదికెక్కి చూడండి.”

“ఇంక చాల్లే తల్లీ.”

గజ్జెలమూట యొడిలో నిడుకొని యాయన వెడలిపోయెను. మరల నేవేదికయు నెక్కలేదు.

నిజము చెప్పియు నమ్మింపలేకపోతినే యని నాంచారమ్మ బహుకాలము కుమిలినది. పిమ్మట నావిద్య యామెకుఁ దండ్రికంటె మిన్నగా నలవడినది గాని యాబాధ తీఱలేదు. నేఁటికిని నేపందిరికిఁ బోయినను బెద్దపెట్టెల జోలికిఁ బోవకముందే పాడువారు నిలుచుచోటఁ దాను నిలిచి వారివైపు పెట్టె తెఱచి మైకులో మెల్లగా నడుగును.

“దాసుగారూ, వినిపిస్తోందాండి?”

తన గొంతు తనకు స్పష్టముగ వినవచ్చును.