ఈశాన్యం కింద పిల్లర్ లేదు

వెంట్రుక మందాన మొదలైన బీట రూప్లా కళ్లముందే గుమ్మం పొడవునా పాకింది. దానికి అవతల, బాల్కనీ చివర, నిండు అక్వేరియం తొట్టిని రెండు చేతులా వాటేసుకుని అతని భార్య మంగ్లి నిలబడి ఉంది. ఆమెకు ఐదో నెల.

"అడుగు పెట్టకు రూప్లా! ఇంకో మనిషి బరువుకు ఆగదది!" కింది నుంచి దూలయ్య అరిచాడు.

దూలయ్యది కింది వాటా. బొగ్గుబాయిలో పైకప్పుకు దన్నులు పెట్టే టింబర్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. ఆయన ఆగదంటే ఆగదు.

మంగ్లికి ఇంతకు ముందు రెండు కడుపులూ ఐదో నెలలోనే పోయాయి. మూడోది నిలవాలంటే ఈశాన్యాన చేపలున్న నీళ్లు పెట్టమన్నాడు మణుగూరులో ఒక వాస్తు పెద్దమనిషి. ఎన్ని నీళ్లుంటే అంత మంచిదట! మేడమీది వాటాకు ఈశాన్యమంటే గాల్లోకి పొడుచుకొచ్చిన బాల్కనీయే. దాని కింద పిల్లర్ ఉందా అని ఆ మహానుభావుడు అడగనూ లేదు, రోజూ డంపర్‌లో టన్నులకు టన్నులు బొగ్గు తోలే రూప్లాకు తట్టనూ లేదు. ఆశపడ్డవాడికి బరువు తెలుస్తుందా? పొద్దున మోటారు పెట్టి ఎనిమిది వందల లీటర్లు నింపారు. మధ్యాహ్నానికి గచ్చు పగిలింది.

"మంగ్లీ, జర ఇటు రాయే. నీళ్లు తీసేద్దాం."

"తీస్తే ఇది కూడా పోతది. నేను రాను."

"పడిపోతదే!"

"పడితే నేనూ పడ్త. మూడోసారి దవాఖానా నుంచి ఉత్త చేతుల్తోని రాను."

రూప్లా తిట్టాడు, బతిమాలాడు, తమ దేవుడు సేవాలాల్ మీద ఒట్టు పెట్టాడు. ఊహూ! చెయ్యి చాపితే అందదు, అడుగేస్తే అందరూ పోతారు. ఏం చెయ్యాలో తోచక గుమ్మానికి తల బాదుకున్నాడు.

కింద దబదబా చప్పుడు. దూలయ్య లావుపాటి జామాయిల్ కర్ర బాదు ఒకటి తెచ్చి బాల్కనీ కింద నిలబెట్టి, సందులో చెక్కముక్క దిగ్గొడుతున్నాడు. పెళ్లలు రాలి ఆయన మీదే పడుతున్నాయి.

"కాకా, నువ్వు బయటికి పో!" మంగ్లి కేక వేసింది.

"పైన మనిషుంటే కింద టింబర్‌మన్ కదలడు బిడ్డా."

"నాకోసం నువ్వెందుకు సచ్చేది?"

"గట్లయితే దిగు!"

ఇంకో పెళ్ల రాలింది. "అమ్మా!" అన్నాడు దూలయ్య. ఆ మూలుగు విన్నాక మంగ్లి చేతులు సడలాయి. గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసింది. బీట దాటగానే రూప్లా రెక్క పట్టి గుంజాడు. ఇద్దరూ హాల్లో కూలబడ్డారు.

రెండో బాదు కూడా పెట్టాకే దూలయ్య పైకి వచ్చాడు, భుజం నుంచి రక్తం కారుతుండగా. రూప్లా కర్రకు పైపు కట్టి గుమ్మంలోంచే తొట్టిలో ముంచాడు. రెండో కొస నోటితో పీల్చి కిటికీలోంచి కిందికి వదిలాడు. నీళ్లు వాకిట్లో పడసాగాయి.

తగ్గిపోతున్న ఆ నీళ్లనే చూస్తూ మంగ్లి పొట్ట పట్టుకుంది.

"ఇగ ఇది నిలుస్తదా?"

రూప్లా వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకు తెల్వదే. నిలవకపోతే ఇద్దరం ఏడుద్దాం. ఏడ్వనీకి నువ్వుండాలె గద!"

మంగ్లి అతని చొక్కా పట్టుకుని బావురుమంది.