పన్నెండో మాట

కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మనిషికి కథలెందుకమ్మా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఉంటారు మరి, ఊరికే ఉండలేనివాళ్ళకు కొదవా? ఆమె మాత్రం, "రెండిట్లోనూ మెడ లాగేస్తుంది, అంతే, తేడా ఏం లేదు" అని నవ్వేసేది.

దుకాణంలో ఆమె చూసేవన్నీ వింతలే. మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి బయటికి చూసి, "చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయా!" అన్నాడు. ఒకావిడ అద్దంలో తనను తాను చూసుకుని, "ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?" అని దెబ్బలాటకు దిగింది. ఇవన్నీ ఆమె ఒక బ్లాగులో రాసేది. ఆ బ్లాగులో చదివినవాళ్ళు మెచ్చి ఓటు వేస్తే, కంటికి కనపడని నాణేలు రాసినవాళ్ళ ఖాతాలో పడతాయి. క్రిప్టో అంటారు, అమ్మితే అసలు డబ్బే. మొదటి రచనకు ముగ్గురు ఓటు వేశారు. అందులో ఒకడు తమ్ముడు, అదీ ఆమె చెవి మెలేస్తే.

"గాలిలో మేడలక్కా ఇవి" అనేవాడు తమ్ముడు.

"మేడలొద్దురా, ఒక చెవి మిషను వస్తే చాలు" అనేది.

ఆ చెవి నాన్నది. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. స్టాపుల పేర్లు అరిచి అరిచి గొంతు నిలబెట్టుకున్నాడు గానీ, ఇంజను పక్కన నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమచెవిలో అరిస్తే కొంత వినపడుతుంది. మంచి మిషను త్వరగా పెట్టకపోతే అదీ దక్కదని డాక్టరు తేల్చి చెప్పింది. ఆ మిషను ధర వింటే చెవులు బాగున్నవాళ్ళకు కూడా అవి గింగురుమంటాయి. అందుకే ఆమె రెండేళ్ళుగా ఒక్క నాణెం కూడా ముట్టుకోలేదు. విలువ పెరిగిన రోజు పొంగిపోలేదు, పడిన రోజు ఏడవలేదు. సరే, ఒకసారి ఏడ్చింది.

నాణేలుండే వాలెట్‌కు తాళం పన్నెండు ఇంగ్లీషు మాటలు, అదీ వరుస తప్పకుండా. ఫోను పోయినా ఆ మాటలుంటే డబ్బు మనది, అవి పోతే గోవిందా. తమ్ముడు అంత గట్టిగా చెప్పాడు కాబట్టి ఆమె వాటిని చీటీ మీద రాసి, మడిచి, దుకాణంలో తన అరలో ఉన్న ఒక పాత కళ్ళజోడు పెట్టెలో గుడ్డ కింద దాచింది. కళ్ళజోడు పెట్టెను దొంగ ఎవడు తెరుస్తాడని ఆవిడగారి తెలివి! ఆ దుకాణంలో పొద్దస్తమానం జరిగేదే పెట్టెలు తెరిచి ఇవ్వడం కదా.

అనుకున్నంతా అయింది. ఒక రద్దీ రోజున కొత్త పెట్టెలు నిండుకున్నాయి. తన చేత్తోనే అరలోంచి ఆ పెట్టె తీసి, ఎవరికో కళ్ళజోడు పెట్టి, "జాగ్రత్తగా వాడుకోండి" అని మరీ ఇచ్చి పంపింది. వారం తిరక్కుండా ఫోను జారి, అద్దాలు అరగదీసే మిషను కింది నీళ్ళ తొట్టిలో పడింది. కొత్త ఫోను కొన్నాక చీటీ కోసం అరలో చెయ్యి పెడితే ఏముంది? ఖాళీ.

ఆ వారంలో వచ్చినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఒక్కరి పెట్టెలోనూ చీటీ లేదు, చెత్తనుకుని ఎవరు పారేశారో ఏమో.

"ఇంకేం చెయ్యలేమక్కా" అన్నాడు తమ్ముడు. ఈసారి వాడికి నవ్వు రాలేదు.

ఆమె ఇంటికొచ్చి నాన్న మంచం పక్కన కూలబడి భోరుమంది. ఏడుపు వినపడదు గానీ, కనపడుతుందిగా. "ఏమైందే అమ్మలూ?" అన్నాడాయన. అరిచి చెప్పే ఓపిక లేక, పాత బిల్లు వెనక 'వాలెట్ తాళం మాటలు పోయాయి, పన్నెండూ' అని రాసి చూపించింది.

ఆయన చదివి, "ఆ మేక కథేనా?" అన్నాడు.

ఆమె ఏడుపు ఆగిపోయింది. నిజమే! వట్టి మాటలు ఆమెకు గుర్తుండవు. అందుకని రెండేళ్ళ కిందట ఆ పన్నెండింటినీ వరుసగా గుచ్చి ఒక కథ అల్లి, తాళం మాటలు ఇందులోనే ఉన్నాయని నాన్న ఎడమచెవిలో అరిచి చెప్పింది. తర్వాత చీటీ ఉందిగా అన్న ధీమాతో తనే మరిచిపోయింది.

"కుర్చీ మీద మేక కూర్చుంది" అని మొదలుపెట్టాడాయన, స్టాపులు పిలిచే గొంతుతో. "దానికో గొడుగు. ఏరు దాటాలని పడవ ఎక్కింది. పడవలో అద్దం దొరికింది. అద్దంలో నిచ్చెన, నిచ్చెన మీద చందమామ, నాకి చూస్తే ఉప్పు! కిటికీలోంచి పిల్లి చూసింది. చూసి, పాపం చలిగా ఉందని మేకకి దుప్పటి కప్పింది."

తమ్ముడు ఒక్కో మాటనూ ఇంగ్లీషులో కొట్టాడు. వాలెట్ తెరుచుకోలేదు. "చివరిది తప్పేమో నాన్నా!" అని అరిచాడు.

"తప్పేంట్రా? దాని ముగింపు నాకు నచ్చలేదు, మార్చుకున్నాను. పిల్లి రాయి విసిరి అద్దం పగలగొట్టిందట. నోరులేని మేక, దాని అద్దం పగలగొట్టడమెందుకు?"

రాయి! తమ్ముడు కొట్టాడు. తెరుచుకుంది. రెండేళ్ళ నాణేలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. "అక్కా!" అని వాడు వేసిన కేక నాన్నకు కూడా వినపడింది.

"నీకెలా గుర్తుంది నాన్నా ఇదంతా?" అని ఆమె ఎడమచెవి దగ్గరకు వంగి అడిగింది.

"ఎలా మర్చిపోతానే? నువ్వు నాకు చెప్పిన ఆఖరి కథ అదే. ఆ తర్వాత 'మందు వేసుకున్నావా, భోజనం అయిందా' తప్ప ఇంకేం చెప్పావు?"

నిష్ఠూరంగా కూడా అనలేదాయన. వానలు లేవన్నట్టు మామూలుగా అన్నాడు. ఆమెకు మాత్రం అది నిజమని తెలుసు. అరవాల్సి వస్తుందని బద్ధకించి, రెండేళ్ళుగా ఊరందరికీ రాసిన కథల్లో ఒక్కటీ ఆయన చెవిన వెయ్యలేదు.

ఆ సాయంత్రమే ఎడమచెవిలో కథ చెప్పింది. రోజుకొకటి చొప్పున, గొంతు బొంగురుపోయేదాకా.

నాణేలు అమ్మిన డబ్బుతో నెల తిరిగేసరికి మిషను వచ్చింది. డాక్టరు దాన్ని చెవిలో అమర్చి, చిన్న మీట నొక్కింది. ఆమె అలవాటుగా చెవి దగ్గరకు వంగి, "నాన్నా! వినపడుతోందా!" అని గట్టిగా అరిచింది.

ఆయన ఉలిక్కిపడి చెవి మూసుకున్నాడు. "అంత అరుస్తావెందుకే? నేనేమన్నా చెవిటివాణ్ణా?" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత కుర్చీ ఆమె వైపు జరుపుకుని కూర్చున్నాడు. "ఊఁ, నిన్న సగంలో ఆపావు. మెల్లగా చెప్పు. ముగింపు సంగతి నేను చూసుకుంటా."